గోడకి కొట్టిన కన్నం: వర్ణవివక్ష కాలపు దక్షిణాఫ్రికా కథలు

1953లో దక్షిణాఫ్రికా పార్లమెంటు ఒక చట్టం చేసింది. పార్కులు, బీచ్‌లు, బస్సులు, రైల్వే వెయిటింగ్ రూములు, మరుగుదొడ్లు, ఆఖరికి కూర్చునే బెంచీలు కూడా తెల్లవాళ్లకి వేరుగా, మిగతావాళ్లకి వేరుగా కేటాయించవచ్చన్నది దాని సారాంశం. నిజానికి అప్పటికే చాలాచోట్ల అదే నడుస్తోంది. చిక్కు కోర్టుల దగ్గర వచ్చింది. వేరుగా పెడితే పెట్టారు, రెండూ సమానంగా ఉండాలి కదా అని కొన్ని కేసుల్లో జడ్జీలు అడిగారు. దాంతో కొత్త చట్టం ఆ అడ్డు కూడా తీసేసింది. వసతులు సమానంగా ఉండక్కర్లేదని అందులో స్పష్టంగా రాసుకున్నారు. అన్యాయం జరుగుతోందని ఎవరైనా కోర్టుకెక్కితే, అవును, చట్టం అలాగే ఉంది అని చెప్పగలిగే వీలు ప్రభుత్వానికి దొరికింది.

1948 ఎన్నికల్లో మలాన్ నాయకత్వంలో నేషనల్ పార్టీ గెలిచిన దగ్గర్నుంచి ఇలాంటివి వరసగా వచ్చాయి. తెల్లవాళ్లకీ ఇతరులకీ మధ్య పెళ్లిళ్లను 1949లో నిషేధించారు. తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య లైంగిక సంబంధం నేరమనే పాత చట్టాన్ని మరుసటి ఏడాది తెల్లవాళ్లు కాని అందరికీ పొడిగించారు. అదే 1950లో ప్రతి మనిషినీ ఏదో ఒక జాతి కింద నమోదు చేసే చట్టం, ఏ జాతివాళ్లు ఏ పేటలో కాపురముండాలో తేల్చే గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాయి. 1952 చట్టంతో పదహారేళ్లు నిండిన నల్లజాతి మగవాళ్లు ఎప్పుడూ పాస్‌బుక్, అంటే ఎక్కడ ఉండొచ్చో, ఎక్కడ పనిచేయొచ్చో తేల్చే అనుమతి పుస్తకం, జేబులో పెట్టుకుని తిరగాల్సొచ్చింది. ఆడవాళ్లకి ఆ తర్వాత వర్తింపజేశారు. అపార్థీడ్ అనే ఈ వర్ణవివక్ష విధానం వెనక సిద్ధాంతాలు పెద్దవే కావచ్చు, అది రోజూ పనిచేసింది మాత్రం చిన్న చిన్న చోట్ల: బెంచీ మీద, బస్సు మెట్టు దగ్గర, హోటల్ కిటికీలో, పనిమనిషి గదిలో, చివరికి శ్మశానంలో.

కథానిక అనే ప్రక్రియకి సరిగ్గా సరిపోయే కొలత ఇది. ఒక చోటు, ఒక పూట, ఇద్దరు ముగ్గురు మనుషులు చాలు. అందుకే ఆ దేశం నుంచి ఆ నలభై ఏళ్లలో వచ్చిన మంచి కథల సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే అన్నీ ఒకే స్థాయివి కావు. దెబ్బలూ కాల్పులూ చూపించిన కథలకన్నా, ఈ చట్టం మనిషి లోపలికి ఎలా దిగిందో, ముఖ్యంగా దానివల్ల సుఖపడినవాడి మాటతీరులోకి ఎలా చేరిందో పట్టుకున్న కథలే ఇవాళ చదివినా పదునుగా ఉన్నాయి.

నల్లజాతి రచయితలు కథనే ఎక్కువగా ఎందుకు ఎంచుకున్నారన్నదానికి బతుకు కారణాలూ ఉన్నాయి. నవల రాయాలంటే గది కావాలి, తీరిక కావాలి, రేపు ఎక్కడుంటామో తెలియాలి. గుండెలో ఉన్నది త్వరగా దించుకోవడానికి కథ దగ్గరిదారి అన్న అర్థంలో ఎస్కియా ఎంఫాలేలే చెప్పిన మాట ఆ తరం మొత్తానికి వర్తిస్తుంది. నల్లజాతి పిల్లల్ని కూలిపనులకే తయారుచేసే బంటూ విద్యా విధానాన్ని వ్యతిరేకించినందుకు 1952లో ఆయన టీచరు ఉద్యోగం పోయింది. 1957లో దేశం విడిచి నైజీరియా వెళ్లాడు. తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

అచ్చువేసేవాళ్లు ఎవరన్నది రెండో సంగతి. 1951లో మొదలైన ‘డ్రమ్’ పత్రిక జొహానెస్‌బర్గ్ నుంచి వచ్చేది. బాక్సర్లు, జాజ్ గాయనులు, రౌడీలు, అందగత్తెల ఫొటోల మధ్యనే బేతల్ బంగాళాదుంప తోటల్లో కూలీల్ని ఎలా చావగొడుతున్నారో హెన్రీ ఎన్‌క్సుమాలో రాసిన పరిశోధన కథనం కూడా అందులోనే పడింది. ఆ పక్క పేజీల్లో కథలుండేవి. 1953లో డ్రమ్ కథల పోటీలో బహుమతి కొట్టి క్యాన్ థెంబా ఆ ఆఫీసులో చేరాడు. పగలు రిపోర్టింగు, రాత్రి నల్లవాళ్ల పేట సోఫియాటౌన్ సారా కొట్లలో కబుర్లు, మధ్యలో దొరికిన టైములో కథ. ఈ హడావిడి రాతలో కనబడుతుంది. వాళ్లలో ఒకడైన లూయిస్ ఎన్‌కోసి తర్వాత్తర్వాత తన తోటివాళ్ల రాతల మీదే విరుచుకుపడ్డాడు. వార్తనే తెచ్చి కల్పనా సాహిత్యమని దబాయిస్తున్నారని అతని ఫిర్యాదు. మాట కటువైనదే, కానీ పూర్తిగా కొట్టిపారేసేది కాదు.

ఆ రకంలో ముందుగా గుర్తొచ్చేది రిచర్డ్ రైవ్ రాసిన ‘ద బెంచ్’. కార్లీ అనే యువకుడు ఒక సభలో ఉపన్యాసం విని, మనుషులంతా సమానమన్న మాటను మొదటిసారి మనసుకి పట్టించుకుంటాడు. రైల్వే స్టేషన్‌కి వచ్చి ‘యూరోపియన్లకు మాత్రమే’ అని రాసున్న బెంచీ మీద కూర్చుంటాడు. లెమ్మంటారు, లేవడు. పోలీసులు ఈడ్చుకెళ్తారు. కథ అంతే. ఎలా ముగుస్తుందో రెండో పేజీలోనే తెలిసిపోతుంది, కార్లీ కూడా మనిషిగా కన్నా ఒక నిర్ణయంగానే గుర్తుంటాడు.

రైవ్‌లాగే కేప్‌టౌన్‌కి చెందిన జేమ్స్ మాథ్యూస్ ‘ద పార్క్’లో తీసుకున్నది ఇంకా చిన్న వస్తువు, ఉయ్యాల. తల్లి తెల్లవాళ్ల ఇళ్లకి బట్టలుతికి పంపుతుంది, పిల్లాడు ఆ మూటలు అందజేస్తాడు. దారిలో పార్కు. లోపల తెల్ల పిల్లలు ఊగుతుంటారు, వీడు కంచె పట్టుకుని చూస్తుంటాడు. వెళ్లమని చెప్పే కాపలాదారు కూడా నల్లవాడే. పిల్లాడంటే అతనికి కోపం లేదు, ఉన్న భయమంతా ఉద్యోగం గురించే. రాత్రిపూట పిల్లాడు కంచె దూకి ఉయ్యాలెక్కుతాడు. దిగమని కాపలాదారు బతిమాలుతుంటే వాడు ఇంకా ఇంకా పైకి ఊగుతాడు. బెంచీ కథలో ఎదురుబొదురు నిలబడింది తెల్లవాళ్లు, నల్లవాడు. ఇక్కడ చట్టాన్ని అమలు చేయాల్సొచ్చినవాడూ దాన్ని ధిక్కరించినవాడూ ఇద్దరూ బాధితులే. ఈ ఒక్క మార్పుతో కథ బెంచీ కథకన్నా చాలా ఎత్తుకి వెళ్లింది.

అలెక్స్ లా గూమా ‘కాఫీ ఫర్ ద రోడ్’ గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి. తెలుగు పాఠకులకి అందులో మరో కారణం కూడా ఉంది. జొహానెస్‌బర్గ్ నుంచి కేప్‌టౌన్‌కి ఒక భారతీయ సంతతి స్త్రీ ఇద్దరు పిల్లల్ని వెనక సీట్లో వేసుకుని ఒంటరిగా కారు నడుపుతోంది. నడుమ కరూ ఎడారి ప్రాంతం, వందల మైళ్లు. రాత్రంతా నిద్ర లేదు, ఎందుకంటే దారిలో హోటళ్లున్నా ఆమెకి గది ఇచ్చేవాళ్లు లేరు. ఈ మాటని రచయిత నొక్కి చెప్పడు. ఆమె కళ్ల మంట గురించి, మెడ నొప్పి గురించి, పిల్లల పేచీ గురించి చెబుతుంటాడు. కారణం మనకే తడుతుంది. ఫ్లాస్కులో కాఫీ అయిపోతుంది. ఒక చిన్న ఊళ్లో కేఫ్ ముందు ఆపుతుంది. తెల్లవాళ్లు కానివాళ్లకి పక్కగోడలో చదరంగా కన్నం ఒకటి ఉంటుంది, అక్కడ నిలబడి అడిగి తీసుకోవాలి. ఆమె ఆ కన్నాన్ని, అక్కడ నిలబడ్డవాళ్లని ఒక్క చూపు చూసి, నేరుగా తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోతుంది. కౌంటరు వెనకున్న తెల్ల స్త్రీ ‘కూలీ’దానివి ఇక్కడికెలా వచ్చావని అరుస్తుంది. ఈమె చేతిలోని ఫ్లాస్కు విసిరేస్తుంది. అది వెళ్లి ఆ స్త్రీ నుదుటికి తగిలి రక్తం వస్తుంది. కారు వేగంగా బయల్దేరుతుంది, కొన్ని మైళ్ల తర్వాత రోడ్డుకడ్డంగా పోలీసులు.

ఈ కథలో ఆమె ఉద్యమకారిణి కాదు. కార్లీలాగా సభకి వెళ్లి వచ్చిందీ లేదు. కారుంది, మంచి బట్టలున్నాయి, ఇంకో రోజైతే ఆ కన్నం దగ్గర నిలబడి కాఫీ తీసుకునేదేమో కూడా. అలసట వల్ల ఆ ఒక్క పూట సహనం తెగింది. తిరుగుబాటుని సిద్ధాంతం నుంచి కాకుండా నిద్రలేమి నుంచి పుట్టించడంలో లా గూమా పనితనం ఉంది.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకి చేరింది. అప్పటినుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు చెరకుతోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా నటాల్ వెళ్లారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తమిళ, తెలుగు జిల్లాలవాళ్లే అందులో పెద్ద భాగం. వాళ్ల మనవలు లాయర్లయినా, టీచర్లయినా, కారు కొనుక్కున్నా, కేఫ్ కౌంటరు ముందు వినాల్సి వచ్చింది ఆ పాత ఒప్పంద కాగితం మీది పేరే. ఆ గోడ కన్నం కూడా మనకి కొత్తేమీ కాదు. మన పల్లెల్లో టీకొట్టు చూరుకి వేలాడిన రెండో గ్లాసు గురించి తెలిసినవాళ్లెవరికైనా అది వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే మన దగ్గర చట్టం దాన్ని నేరమంది, అక్కడ చట్టమే దాన్ని కొట్టించింది.

రచయిత, విమర్శకుడు న్జబులో ఎన్‌డెబెలె 1984లో చేసిన ఒక ప్రసంగంలో ఈ మాదిరి రాతలన్నిటినీ కలిపి ప్రశ్నించాడు. మామూలు జీవితాన్ని మళ్లీ కనుక్కోవాలన్నది ఆ ప్రసంగం సారం, తర్వాత అదే పేరుతో వ్యాసంగా ప్రసిద్ధమైంది. నల్లజాతి రచయితలు దృశ్యానికి, ప్రదర్శనకి బానిసలయ్యారని అతని వాదన. క్రూరుడైన తెల్లవాడు, ఏమీ చేయలేని నల్లవాడు, మధ్యలో కొరడా. పాఠకుడు చదివి నిట్టూరుస్తాడు, ముందే తెలిసింది మళ్లీ తెలుసుకుంటాడు. అణచివేతలో ఉన్నవాళ్లకి కూడా ఇల్లు, ప్రేమ, ఈర్ష్య, భయభక్తులు, పిల్లల ఆటలు ఉంటాయి. వాటిని వదిలేస్తే అణచివేసినవాడు గీసిన బొమ్మనే మనం మళ్లీ గీసినట్టవుతుంది అన్నాడు. ‘కాఫీ ఫర్ ద రోడ్’ని కూడా ఈ లెక్కలోనే వేశాడు. తను రాసిన కథల్లో ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. 1983లో వచ్చిన ‘ఫూల్స్’ సంపుటిలో ‘ద ప్రాఫెటెస్’ అనే కథ ఉంది. జబ్బుపడ్డ తల్లి కోసం ఒక పిల్లాడు మంత్రించిన నీళ్లు తెస్తుంటాడు. దారిలో సైకిలు తగిలి సీసా పగిలిపోతుంది. ఇంకో సీసాలో మామూలు కుళాయి నీళ్లు నింపి తీసుకెళ్తాడు. తల్లి తాగి నెమ్మదించిందంటుంది. తెల్లవాడు ఒక్కడూ కనబడడు. అయినా అది ఏ దేశం, ఏ కాలం అన్నది వాసనలా తెలుస్తూనే ఉంటుంది.

ఎన్‌డెబెలె వాదనలో చాలావరకు పస ఉంది. లా గూమా విషయంలో మాత్రం కొంచెం తొందరపడ్డాడనిపిస్తుంది. అతని ‘ద లెమన్ ఆర్చర్డ్’ చూడండి. చలికాలం రాత్రి, వెన్నెల. కొందరు తెల్లవాళ్లు ఒక కలర్డ్ టీచర్‌ని, అంటే మిశ్రమ సంతతి మనిషిని, నిద్రలోంచి లేపి నిమ్మతోటలోకి నడిపించుకెళ్తుంటారు. తనని కొట్టినందుకు చర్చి పెద్ద మీదా, స్కూలు ప్రిన్సిపాల్ మీదా అతను కోర్టుకెక్కాడు, అదీ నేరం. వాళ్లకి చలేస్తోంది, చేతిలో లాంతరు, తుపాకి, ఒకడు మరీ కుర్రాడు. ‘బాస్’ అని పిలవమంటారు. అతను నోరు మెదపడు. ఆ మౌనానికి వాళ్లకి ఒళ్లు మండిపోతుంది. చెట్ల మధ్య గుండ్రంగా ఖాళీ ఉన్న ఒక చోటికి చేరతారు, నిమ్మ ఆకుల వాసన, వెన్నెల్లో మెరిసే కొమ్మలు. అక్కడ కథ ఆగిపోతుంది. కొరడా పడటం మనం చూడం. ప్రదర్శనకి బానిసైన రచయిత ఆపే చోటు కాదది.

లా గూమా ఎందుకంత పొదుపుగా రాశాడో తెలియాలంటే అతని జీవితం చూడాలి. 1956లో 156 మంది మీద పెట్టిన రాజద్రోహం కేసులో అతను ముద్దాయి. 1962లో గృహనిర్బంధం. అదే ఏడాది ‘ఎ వాక్ ఇన్ ద నైట్’ నైజీరియాలోని ఇబాడాన్‌లో అచ్చయింది. సొంత దేశంలో అతని మాటల్ని ఎవరూ ఉటంకించకూడదు. అతను కథల్లోకి ఎక్కించిన కేప్‌టౌన్ డిస్ట్రిక్ట్ సిక్స్ పేటని 1966లో తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించారు. అరవై వేలమంది దాకా ఖాళీ చేయించి ఇళ్లు నేలమట్టం చేశారు. సోఫియాటౌన్‌కి అంతకన్నా ముందే, 1955లో, అదే గతి పట్టింది. అక్కడ వెలిసిన తెల్లవాళ్ల కాలనీకి ట్రియోంఫ్, అంటే విజయం అని పేరు పెట్టుకున్నారు.

ఇక నదీన్ గోర్డిమర్. ఆమె తెల్లజాతి స్త్రీ, 1991లో నోబెల్ బహుమతి పొందింది. ఆమె రాసిన వాటిలో చాలామంది ఎత్తి చూపే కథలు వేరే ఉన్నాయిగానీ, వర్ణవివక్ష గురించి ఒక్క కథే చదవాలంటే 1950ల నాటి ‘సిక్స్ ఫీట్ ఆఫ్ ద కంట్రీ’ని చెప్పాలి. ఆరడుగుల నేల కూడా దక్కని కథ.

కథ చెప్పేది ఒక తెల్లాయన. జొహానెస్‌బర్గ్‌కి పది మైళ్ల దూరంలో సరదాకి పొలం కొనుక్కుని ఉంటాడు, సిటీలో ట్రావెల్ ఏజెన్సీ వ్యాపారం. సిటీ జనం టెన్షన్ అంటే ట్రాఫిక్ గురించో డబ్బు గురించో కాదట. తెల్లవాళ్ల తలగడ కింది తుపాకుల గురించి, కిటికీల ఇనుప కమ్మీల గురించి, పేవ్‌మెంట్ మీద నల్లవాడు పక్కకి తప్పుకోని క్షణాల గురించి. పల్లెలో అవేమీ లేవని, ఇక్కడ తామూ పనివాళ్లూ పాతకాలపు దొర–రైతుల్లా కలిసిపోయి ఉన్నామని ఆయన సంబరం.

ఒక రాత్రి పనివాడు పెట్రస్ తమ్ముడు చనిపోయాడని తెలుస్తుంది. రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) నుంచి పని వెతుక్కుంటూ నడిచొచ్చిన కుర్రాడు, న్యుమోనియాతో పోయాడు. పర్మిట్ లేకుండా వచ్చాడు కాబట్టి జబ్బుపడ్డ సంగతి దాచారు. యజమానికి కోపమొస్తుంది, కానీ చావు గురించి కాదు, తనకి చెప్పనందుకు. అధికారులకి కబురు వెళ్తుంది, శవాన్ని పోస్టుమార్టంకి తీసుకెళ్తారు, ఎవరూ లేరనుకుని వాళ్లే పూడ్చేస్తారు. పెట్రస్‌కి మాత్రం తమ్ముడు కావాలి, తీసి ఇవ్వమంటాడు. ఇరవై పౌండ్లు ఖర్చవుతుందని చెబితే, ఇంతటితో ఆగుతాడని యజమాని అనుకుంటాడు. పెట్రస్ ఆ ఇరవై పౌండ్లూ తెచ్చిస్తాడు. పనివాళ్లంతా తలా కాస్త వేసుకున్న డబ్బు, నలిగిన నోట్లు.

శవపేటిక వస్తుంది. రొడీషియా నుంచి ముసలి తండ్రి వచ్చాడు. పనివాళ్లంతా మోసుకుంటూ వెళ్తుంటే యజమాని పొలంలో గోల్ఫ్ బంతి కొట్టుకుంటూ ఉంటాడు, వాళ్లు పక్కనుంచి వెళ్తున్నప్పుడు ఇబ్బందిగా ఆపుతాడు. ముసలాయన భుజం మీది బరువుతో ఆగిపోతాడు. నా కొడుకు ఇంత బరువు లేడంటాడు. మూత తీస్తే లోపల ఎవరో బలిష్ఠుడు, నుదుట కుట్టేసిన గాయం. మార్చురీవాళ్లు మరొకరిని పంపారు.

తర్వాత యజమాని నిజంగానే తిరుగుతాడు, ఫోన్లు చేస్తాడు, ఆఫీసుల మీద విరుచుకుపడతాడు. కుర్రాడి శవం దొరకదు, డబ్బూ తిరిగి రాదు. చివరికి భార్య తన తండ్రి పాత సూటు ఒకటి ముసలాయనకి ఇస్తుంది. వచ్చినప్పటికన్నా కాస్త మెరుగ్గానే, చలికాలానికి పనికొచ్చే బట్టలతో ఆయన ఇంటికి తిరిగి వెళ్లాడని కథకుడు ముగిస్తాడు.

ఆ ఆఖరి వాక్యం కోసమే కథ మొత్తం కట్టినట్టుంటుంది. అందులో వ్యంగ్యం గోర్డిమర్‌ది, కథకుడికి ఆ సంగతి తెలియదు. అతను చెడ్డవాడు కాదు, చేయిచేసుకోలేదు, తిట్టలేదు, పనివాడి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కొడుకు శవానికి బదులు పాత సూటు దక్కిన లెక్క సరిపోయిందని అతనికి అనిపించడం ఒక్కటే చాలు. కొరడా పట్టుకున్నవాడి గురించి ఎన్ని కథలు చదివినా ఇంత లోపలికి దిగం. ఎందుకంటే కొరడా పట్టినవాడిని చూసి పాఠకుడు నేను కాదు అనుకోగలడు. ఈ ట్రావెల్ ఏజెంటుని చూసి అనుకోవడం కష్టం.

శవాల మధ్య జాతి తేడా గురించి ఇంకో కథ అంతకుముందే ఉంది, హెర్మన్ చార్లెస్ బోస్మాన్ ‘అంటూ డస్ట్’. యుద్ధంలో ఒక బోయర్ (డచ్ సంతతి తెల్ల) సైనికుడూ ఒక నల్లవాడూ ఒకేచోట చనిపోతారు. నెలల తర్వాత ఎముకలు ఏరి, తెల్లవాడివి వేరుచేసి తెచ్చి గౌరవంగా పాతిపెడతారు. ఆ నల్లవాడి కుక్క వచ్చి ఆ సమాధి మీదే పడుకుంటుంది. రెండు మూడు పేజీల హాస్యకథ. నవ్వొస్తుంది, నవ్వాక కాసేపు మాట రాదు.

మంచి మనసున్న యజమానిని అవతలి వైపు నుంచి చూపించింది ఎంఫాలేలే ‘మిసెస్ ప్లమ్’, 1967. ఇది ఆయన కథల్లో అన్నిటికన్నా గొప్పదని చాలామంది ఒప్పుకుంటారు. కరాబో అనే పనిపిల్ల చెబుతుంది. మొదటి వాక్యాల్లోనే, మా అమ్మగారికి కుక్కలన్నా ఆఫ్రికన్లన్నా ఇష్టం, ఎంత బాధ కలిగినా చట్టాన్ని పాటించాలంటారు అని అమాయకంగా చెప్పేస్తుంది. ఆ కుక్కల్లో ఒకదాని పేరు మలాన్. మిసెస్ ప్లమ్ కరాబోని తన బల్ల దగ్గరే కూర్చోబెట్టి తినిపిస్తుంది, హక్కుల గురించి వ్యాసాలు రాస్తుంది, పనివాళ్ల గదులు సోదా చేయడానికొచ్చిన పోలీసుల మీద పైపుతో నీళ్లు కొట్టి, జరిమానా కట్టకుండా జైలుకి కూడా వెళ్తుంది. ఇంత చేసినా, పనివాళ్లు కుక్కలకి విషం పెడతారన్న పుకారు రాగానే పాపం తోటమాలి ఉద్యోగం ఊడుతుంది. కరాబో చదువు జరిగేది ఈ ఇంట్లో కాదు, గురువారం సెలవునాడు పనిమనుషులు కలుసుకునే క్లబ్బులో. అక్కడ మాట్లాడేవాళ్లలో లిలియన్ ఎన్‌గోయి కూడా ఉంటుంది. ఆమె కల్పిత పాత్ర కాదు, 1956 ఆగస్టు 9న ప్రిటోరియాలో పాస్‌ల చట్టానికి వ్యతిరేకంగా వేలమంది స్త్రీలతో నడిచిన నాయకురాలు. సెలవు దగ్గర పేచీ వచ్చి కరాబో పని మానేస్తుంది. తర్వాత మిసెస్ ప్లమ్ వెతుక్కుంటూ ఊరికొచ్చి పిలిస్తే, జీతం గురించీ సెలవుల గురించీ షరతులు పెడుతుంది. విప్లవం ఏమీ జరగలేదు. ఒక పనిపిల్ల బేరమాడటం నేర్చుకుంది, అంతే. మిసెస్ ప్లమ్ జైలుకి వెళ్లినప్పటికన్నా ఇక్కడే ఏదో కదిలిందనిపిస్తుంది.

క్యాన్ థెంబా ‘ద సూట్’, 1963, దీనికి పూర్తిగా భిన్నం. సోఫియాటౌన్‌లో ఫిలెమన్ అనే గుమాస్తా పొద్దున్నే భార్యకి టిఫిన్ మంచం దగ్గరికే తెచ్చిచ్చేంత ప్రేమగల మొగుడు. ఒకరోజు ఇంటికొచ్చేసరికి భార్య మటిల్డాతో ఇంకొకడు. వాడు సూటు వదిలేసి కిటికీలోంచి దూకి పారిపోతాడు. ఫిలెమన్ కొట్టడు, అరవడు. మనింటికి అతిథి వచ్చాడు, సరిగ్గా చూసుకో అంటాడు. అప్పటినుంచి ఆ సూటుని భోజనానికి కుర్చీలో కూర్చోబెట్టాలి, వడ్డించాలి, షికారుకి తీసుకెళ్లాలి. మర్యాదగా, నియమం తప్పకుండా. విందుకొచ్చిన బంధుమిత్రుల ముందు కూడా వదలడు. చివరికి మటిల్డా చనిపోయి ఉంటుంది. ఇందులో తెల్లవాళ్ల ఊసు దాదాపు లేదు. మనిషిని అవమానించడానికి తాపీగా, పద్ధతి ప్రకారం, రోజూ అమలయ్యే నియమాన్ని తయారుచేసే కళ ఫిలెమన్‌కి ఎక్కడ అబ్బిందన్నది మాత్రం పాఠకుడు అడక్కుండా ఉండలేడు. కథనంతా రాజకీయ రూపకంగా చదివేవాళ్లున్నారు, అది కాస్త ఎక్కువే. మొగుడి పెత్తనం ఏ చట్టం లేకుండానే బతకగలదని మన ఇళ్లలోనూ తెలుసు. కానీ పై అధికారి దగ్గర తలవంచి ఇంటికొచ్చినవాడి చేతిలో అది ఏ రూపం తీసుకుంటుందో థెంబా చూపించినంత చల్లగా ఇంకెవరూ చూపించలేదు.

పడకగదిలోకి పోలీసుల్ని పంపిన చట్టం మీద కూడా కథలు బోలెడున్నాయి. గోర్డిమర్ జంటకథలు ‘టౌన్ అండ్ కంట్రీ లవర్స్’లో ఒకదాంట్లో ఆస్ట్రియా జియాలజిస్టుతో ఉంటున్న కలర్డ్ క్యాషియర్ పిల్లని బీరువాలోంచి బయటికి లాగుతారు, డాక్టరు పరీక్షకి పంపుతారు. జొహానెస్‌బర్గ్ భారతీయుల పేట ఫోర్డ్స్‌బర్గ్ కథలు రాసిన అహ్మద్ ఎసోప్ ‘ద హాజీ’లో అదే గీతని ఇంకోలా చూపించాడు. హాజీ హసన్ తమ్ముడు కరీం చర్మం రంగు తేలిక కావడంతో తెల్లవాడిగా చలామణి అయిపోయి, తెల్ల స్త్రీతో తెల్లవాళ్ల పేటలో ఉండిపోయాడు. ఇప్పుడు చావుబతుకుల్లో ఉన్నాడు, అన్నని చూడాలంటున్నాడు. పదేళ్లు మమ్మల్ని చూసి మొహం తిప్పుకుని పోయినవాడు అని హాజీకి కడుపుమంట. వెళ్లాలా వద్దా అన్న ఊగిసలాటే కథ. ఇక్కడ జాతి చట్టం, కుటుంబ పరువు, మతం, అన్నదమ్ముల పంతం ఒకదానికొకటి చిక్కుపడి ఏది ఎక్కడ మొదలైందో విడదీయలేని స్థితికి వస్తాయి. మన కుటుంబాల్లో పెరిగినవాళ్లకి హాజీ మొండితనం అర్థం కావడానికి ఫుట్‌నోటు అక్కర్లేదు.

నిమ్మతోటలో టీచర్ నోట రాని ‘బాస్’ బెస్సీ హెడ్ జైలు కథలో మళ్లీ వినిపిస్తుంది. తెల్ల తల్లికి, నల్ల తండ్రికి పుట్టిన బెస్సీ 1964లో తిరిగి రాకూడదన్న షరతుతో ఇప్పటి బోట్స్వానాకి వెళ్లిపోయింది. ‘ద ప్రిజనర్ హూ వోర్ గ్లాసెస్’లో కళ్లజోడు పెట్టుకున్న బక్కపల్చని రాజకీయ ఖైదీ బ్రిల్, డజను మంది పిల్లల తండ్రి. కొత్త వార్డరు హానెట్జీ ‘బాస్’ అనమంటే, నీకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాణ్ని అంటాడు. దెబ్బలు తింటాడు. కొన్నాళ్లకి వార్డరు జైలు ఎరువుల బస్తాలు దొంగిలిస్తూ వీళ్లకి దొరికిపోతాడు. అక్కడినుంచి బ్రిల్ అతన్ని మెల్లగా దారికి తెస్తాడు. ఆఖరికి ఖైదీలకి పొగాకు అందుతుంది, వార్డరు పొలానికి జైలు సరుకులు చేరుతాయి, ఇద్దరికీ లాభసాటి దోస్తీ. నిమ్మతోట రాత్రి తర్వాత ఈ కథ చదివితే నవ్వొస్తుంది, అది బెస్సీ హెడ్ కావాలని తెప్పించిన నవ్వే.

గ్సీనా మ్లోఫే ‘ద టాయిలెట్’ 1987లో వచ్చింది, పాలన కూలిపోవడానికి కొద్దికాలం ముందు. ఒక నల్లజాతి యువతి అక్కతో కలిసి ఉంటుంది. అక్క తెల్లవాళ్లింట్లో పనిమనిషి, పెరట్లో గది. ఆ గదిలో చెల్లెలు ఉన్నట్టు అమ్మగారికి తెలియకూడదు. కాబట్టి అమ్మగారు లేచేలోపు బయటపడాలి. ఫ్యాక్టరీ తెరిచేదాకా ఎక్కడుండాలి? బస్‌స్టాప్ దగ్గర్లో ఒక పబ్లిక్ టాయిలెట్ కనిపిస్తుంది. చిన్నది, గోడలు దగ్గరగా, తలుపు వేసుకోవచ్చు. అక్కడ కూర్చుని చదవడం, తర్వాత రాయడం మొదలుపెడుతుంది. ఒకరోజు దానికి తాళం. ఆమె పార్కులోకి నడిచి, బెంచీ మీద కూర్చుని నోటుబుక్కు తీస్తుంది. రైవ్ కథలో అదే బెంచీ కోసం పోలీసులు రావాల్సొచ్చింది. ఇక్కడ ఎవరూ రారు, ఆమెకి కూడా తను ధిక్కరిస్తున్నానన్న ధ్యాస లేదు. కథ పూర్తిచేయాలి, అంతే. ఎన్‌డెబెలె అడిగిన మామూలు జీవితం ఇదే.

ఈ కథలన్నీ చదివేటప్పుడు ఒక లోటు గుర్తుంచుకోవాలి. ఇక్కడ చెప్పుకున్నవన్నీ ఇంగ్లీషు కథలు. జులూ, ఖోసా, సోతో భాషల్లో రాసేవాళ్లు ఆ కాలంలో లేకపోలేదు. కానీ ఆ భాషల్లో పుస్తకం అమ్ముడుపోయేది దాదాపుగా బంటూ విద్యాశాఖ నడిపే బళ్లలోనే. పాఠ్యపుస్తకంగా ఒప్పుకుంటేనే అచ్చు, ఒప్పుకునేది ప్రభుత్వం నియమించిన కమిటీ. పాస్‌బుక్ మీద, పోలీసుల మీద, కొట్టేసిన పేటల మీద రాస్తే ఆ గేటు దాటదు. ఇంగ్లీషులో రాసినవాళ్ల పుస్తకాలు ఇబాడాన్‌లోనో లండన్‌లోనో అచ్చయి, ప్రపంచమంతా తిరిగి, ఎప్పటికో మన చేతికొచ్చాయి. కరాబో సొంత భాష సెట్స్వానా, మిసెస్ ప్లమ్ కథ ఆ భాషలోనే ముందు రాసుంటే అది మన దాకా వచ్చేది కాదు, బహుశా కరాబో ఊరి బడి దాకా కూడా వచ్చేది కాదు.